పరుగెందులకు?

తెల్లవాఱుజామున సత్తెనపల్లినుండి గుంటూరునకో నరసరావుపేటకో పోవు బాటలమీద ప్రయాణముచేయువారికి ఒక దృశ్యము తఱచుగా కంటబడుచుండును. లారీల దీపకాంతిలో బాట యంచున ఇద్దఱు ముగ్గురు యువకులు, ఒక్కొక్కనాడు యువతులును, చెమటలోడ్చుచు పరుగెత్తుచుందురు. ప్రొద్దు పొడుచునప్పటికి వారు కానరారు. వారి స్థానమున పాలక్యానుల మోటారుసైకిళ్లును, కూలీలను పొలములకు చేరవేయు ఆటోలును, కాలమునుబట్టి ప్రత్తిబోరెముల లారీలును, మిరపటిక్కీల లారీలును ఆ బాటను ఆక్రమించును. పరుగెత్తిన వారెవరు, ఏల పరుగెత్తిరి, పదియేండ్ల పిమ్మటను పరుగెత్తుచుందురా యని మనలో విచారించువారు మిక్కిలి తక్కువ. పిల్లవాడు కష్టపడుచున్నాడని మెచ్చుకొనువారు కొందఱు. పనిలేక పరుగెత్తుచున్నాడని నవ్వువారు మఱికొందఱు. ఈ మెప్పును ఈ నవ్వును ఒక్క మూలమునుండియే పుట్టినవి. పరుగునకు ముందట ఏదో యొక లాభముండి తీరవలెనని యిరుతెగలవారును తలంచుచున్నారు. లాభము కనబడినచో మెప్పు, కనబడనిచో నవ్వు.

ఈ తలంపు సరియైనదా యను ప్రశ్నమును నేడు చదువరుల యెదుట పెట్టుచున్నాము. ఇది ప్రొద్దుపుచ్చుటకై యడిగిన ప్రశ్నము గాదు. యువజనుల దేహబలమును, నడివయసువారి యారోగ్యమును, పట్టణమున నలుగురు నొకచోట గుమిగూడు అలవాటును దీనితో ముడిపడియున్నవి. మనుష్యుని ఒకనాడు పరుగెత్తించుట సులభము. మఱునాడును, మఱుసటి యేడును అతనిని ఆ బాటకు మరలించునది యేది? దానిని కనుగొనినగాని యే వ్యాయామోద్యమమును నిలువజాలదు.

ఉద్యోగపు పరుగు

ఆ చీకటి బాటమీది యువకులలో పెక్కుమంది పోలీసు ఉద్యోగమునకో సైన్యమునకో సిద్ధపడుచున్నవారు. కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల దూరమును పురుషులు 8 నిమిషములలోను, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలెనని నియమము. అగ్నివీరుల యెంపికలో ఇంచుమించు ఆ దూరమునకే పూర్తి మార్కులు రావలెనన్న అయిదున్నర నిమిషములు మించరాదు. చదువు ముగిసి, చేతిలో సిఫారసు లేక, తండ్రికున్న రెండెకరములు అన్నదమ్ములకు చాలక నిలిచిన పిల్లవానికి ఈ పరుగొక ద్వారము. ఇందు వాని కాళ్లే వాని సిఫారసు. కనుక ఈ పరుగును తక్కువచేసి మాటాడుట అన్యాయము.

కాని 2022 సంవత్సరాంతమున వెలువడిన యొక ప్రకటన చరిత్రను చూడుడు. ఆంధ్రప్రదేశమున 6,100 కానిస్టేబులు పదవులను నింపుదుమనిరి. 2023 జనవరి 22వ తేదీని ప్రాథమిక పరీక్ష జరిగెను. అందు 95 వేలకు పైబడినవారు తేరిరి. వారికి కొలది దినములలో జరుగవలసిన దేహపరీక్ష వాయిదాపడి 2024 డిసెంబరు కడపటగాని మొదలుకాలేదు. తుది వ్రాతపరీక్ష 2025 జూనులోను, ఫలితములు ఆగష్టులోను వచ్చినవి. అనగా ఇంచుమించు రెండేండ్లు వేలకొలది యువకులు తేదీ తెలియని పరీక్షకై కాళ్లను సిద్ధముగా నుంచుకొనవలసి వచ్చెను. ఈ మధ్య రెండు ప్రత్తిపంటలు ఇల్లు చేరినవి. రెండుమాఱులు మిరప కల్లములనుండి మార్కెట్టు యార్డునకు పోయినది. పరుగు మాత్రము గమ్యము చేరలేదు.

ఇట్టి స్థితిలో కొందఱు విసిగి మానుకొనిరి. కొందఱు పట్టువిడువక నిలిచిరి. పదవి దొరకినవాడు, శిక్షణము ముగిసిన పిమ్మట, తనకై తాను పరుగెత్తుట యరుదు. పదవి దొరకనివాడు ఆ బూట్లను చూచుటకే యిష్టపడడు. లాభముకొఱకు పుట్టిన పరుగు లాభముతో ముగియును; లాభము కలుగకపోయినను ముగియును. ఇది ఆ యువకుల దోషము కాదు. పరుగుకు వేఱొక యర్థము గలదని మనము వారికి చూపింపలేదు. ఆటస్థలము చూపింపలేదు, సాటివారిని చూపింపలేదు, ఏడాదికొకమాఱయినను వచ్చి నిలువదగిన గీత నొకదానిని బాటమీద గీయలేదు.

ప్రకటనల పరుగు

ఉద్యోగపు పరుగు గాక మన పట్టణములందు మఱియొక పరుగు కలదు. అది తోరణములతోడి పరుగు. సర్దారు వల్లభభాయి పటేలు జయంతియగు అక్టోబరు 31వ తేదీని 2014 మొదలుకొని దేశమంతట ఐక్యతా పరుగు జరుపుచున్నారు. మఱికొన్ని దినములలో మాదకద్రవ్యములకు ప్రతిగా, మఱికొన్నింట పరిశుభ్రతకొఱకు, ఓటుహక్కుకొఱకు '2కె రన్' అను పేరిట రెండు కిలోమీటర్ల పరుగులు పెట్టుచున్నారు. పాఠశాలల పిల్లలను వరుసలుగట్టించి తెచ్చెదరు. ఒకే రంగు బనియనులు పంచెదరు. పెద్దలు జెండా నూపుదురు, ఛాయాచిత్రములు తీయబడును. మొదటి నూఱు గజములు పరుగు, పిమ్మట నడక, ఆ పిమ్మట అల్పాహారపు పొట్లము.

ఉద్దేశములు మంచివే. వానిని మేము హేళనచేయము. పటేలువంటి మహనీయుని పేరిట వేయిమంది యొక యుదయమున బాటమీద కలిసికొనుట చిన్నసంగతి కాదు. కాని మఱునాటి యుదయమున వారిలో ఎందఱు మరల వచ్చుచున్నారు? ఈ పరుగులందు గడియారము లేదు, కొలత లేదు, నిరుడు వచ్చినవాని నెఱిగినవాడు లేడు. కడపటివాడు చేరకమునుపే పందిరి విప్పుదురు. పరుగెత్తినవానికి తాను చేసినదేమో తెలియదు. చేసినదేమో తెలియనివానికి మరలివచ్చు కోరిక పుట్టదు.

మన పల్నాటిసీమవారికి పందెము నడపుట తెలియదని యనరాదు. తిరునాళ్లలో ఒంగోలుజాతి యెడ్ల బండలాగుడు పందెములను చూచినవారు ఆ మాట యనజాలరు. రెండుపండ్ల జతలు, నాలుగుపండ్ల జతలు, ఆఱుపండ్ల జతలు అని వయస్సునుబట్టి తరగతులుండును. బండ బరువు నిర్ణయము; కాలము నిర్ణయము; లాగిన దూరమును అడుగులతో అంగుళములతో కొలిచి మైకులో చాటెదరు. నిరుడు ఏ జత యెంత లాగినదో చెప్పగల వృద్ధులు ప్రతి గ్రామమునను ఉన్నారు. ఉలవలు, దాణా, తైలమర్దనము, నడక, విశ్రాంతి, వీనియందు ఆసామి చూపు శ్రద్ధకు హద్దులేదు. ఎద్దు కాలిగిట్ట నిట్లు కనిపెట్టి చూచు ఆసామి తన కుమారుని మోకాలు ఎట్లున్నదని యెన్నడైన విచారించెనా? ఎద్దునకు పందెము తెలియదు. దానికి తెలిసినది ముల్లుగఱ్ఱయు, యజమానుని కేకయు మాత్రమే. మనుష్యునకట్లు గాదు. వెనుక ముల్లుగఱ్ఱ లేనపుడుగూడ పరుగెత్తగలవాడు వాడొక్కడే. ఆ శక్తిని మేలుకొలుపుటయే వ్యాయామవిద్యకు పరమార్థము.

మరలివచ్చినవారు

ఈ సంగతి మాకు గ్రంథములవలననే తెలిసినది కాదు. విద్యార్థిదశలో ఈ ప్రాంతపు బాటలమీద పందెములు పరుగెత్తిన మేము, పిమ్మట కాగితములలోను కుర్చీలలోను పదునెనిమిదేండ్లు గడపి, ఇటీవల మన సీమలోని యొక చిన్న పరుగులో మరల నిలిచితిమి. దూరము అయిదు కిలోమీటర్లు. ఒకప్పుడు ముందువరుసలో నిలిచినవారమే. ఇప్పుడు వెనుకవరుస మాది. మొదటి కిలోమీటరు పాత గర్వము నడపినది. రెండవదానిలో గర్వము వీడ్కోలు చెప్పినది. మూడవదానిలో ప్రక్కటెముకలక్రింద పోటు, కాళ్లలో సీసము, 'ఇది మన కెందులకు?' అను ప్రశ్నము, మూడును ఒక్కమాఱే వచ్చినవి.

ఆ ప్రశ్నమునకు మేము సమాధానము వెదకునంతలో ప్రక్కనుండి ఒక పిల్లవాడు, "ఆగకండి బాబాయ్, నడిచినా సరే, నాతోపాటే రండి" అనెను. అతడు మమ్ము దాటిపోవుటకు శక్తిగలవాడే. అయినను రెండు విద్యుత్ స్తంభముల దూరము మాతో సమముగా వచ్చి, ఊపిరి కుదిరినదని చూచుకొని, పిమ్మట సాగిపోయెను. మఱికొంత దూరమున తలపాగా చుట్టిన యొక రైతు చెప్పులు చేతబట్టుకొని మాకంటె ముందు పోవుచుండెను. ఆయనకు బహుమతిపై ఆశ లేదు. వైద్యుడు నడువుమని చెప్పగా నడకతో మొదలిడి పరుగునకు వచ్చితినని చెప్పెను. "ఏటా వస్తానండీ, రాకపోతే ఆ రోజేదో పోగొట్టుకున్నట్టుంటుంది" అని కూడ ననెను.

గీత దాటినపుడు మాకు వచ్చిన కాలము చెప్పుకొనదగినది కాదు. కాని ఇంటికి పోవుచు ఒక సంగతి గమనించితిమి. పూర్వము పందెము ముగియగానే ఎన్నవవారమైతిమని యడుగుచుంటిమి. ఇప్పుడు మఱుసటి పరుగు ఎప్పుడని యడిగితిమి. మొదటి ప్రశ్నమునందు ఇతరులతోడి లెక్క యున్నది; రెండవదానియందు మనతో మనకుగల యొడంబడిక యున్నది. యౌవనమున జయము మనుష్యుని పరుగెత్తించును. జయము దూరమైనపుడు అలవాటును, తోడును, తన మాట తాను నిలుపుకొనవలెనను పట్టుదలయు పరుగెత్తించును. మొదటి ప్రేరణము వయస్సుతో క్షీణించును. రెండవది వయస్సుతో పెరుగును.

మన దేశపు పరుగరులు

భారతీయులు ఒలింపిక్ క్రీడలకు జట్టుగా వెళ్లిన కథయందును ఈ సత్యమే కనబడుచున్నది. 1919లో పూనాలోని దక్కన్ జింఖానా క్రీడలయందు పాదరక్షలు లేని పల్లెటూరివారు దూరపు పరుగులు పరుగెత్తుచుండగా, ఆ సంస్థకధ్యక్షుడైన దొరాబ్జీ టాటా చూచి యాశ్చర్యపడెను. శాస్త్రీయమగు శిక్షణము వారికి లేదు. అయినను వారి కాలములు ఐరోపావారి కాలములకు మిక్కిలి దూరమున లేవు. ఆయన పూనికవలన 1920లో ఆంట్వెర్పు నగరమునకు భారతీయుల జట్టు వెళ్లెను. ఆ జట్టులోని ఫడెప్ప దరెప్ప చౌగులే మారథాను పరుగును 2 గంటల 50 నిమిషములలో ముగించి 19వ స్థానము పొందెను. దొర యొకడు కనుగొన్నందున వారు పరుగెత్తుట నేర్చుకొనలేదు. చూచువాడు లేనపుడే వారు పరుగెత్తుచుండిరి. చూచువాడు తరువాత వచ్చెను.

బీహారు పల్లెలో పుట్టి సైన్యమున చేరిన శివనాథ్ సింగు సంగతియు నిట్టిదే. తఱచుగా వట్టికాళ్లతో పరుగెత్తిన ఆ జవాను 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథానులో 11వ వాడుగా వచ్చెను. 1978లో జలంధరులో ఆయన స్థాపించిన 2 గంటల 12 నిమిషముల జాతీయ ప్రమాణము నాలుగు దశాబ్దములకు పైగా చెక్కుచెదరక నిలిచెను. విలువగల బూట్లు, నేర్పరులైన శిక్షకులు, కొలతయంత్రములు వచ్చిన పిమ్మటగూడ ఒక తరమంతయు ఆ జవాను నీడను దాటలేకపోయెను.

ఇంక ఫౌజాసింగు. 1911లో జలంధరు సమీపమున బియాస్ గ్రామమున పుట్టినట్లు చెప్పబడు ఈ రైతు భార్యను, కన్నకొడుకును పోగొట్టుకొని, ఆ శోకమును భరింపలేక, లండనులోనున్న మఱియొక కుమారుని చెంత నుండి ముదిమిలో పరుగునకు పూనుకొనెను. 2000 సంవత్సరమున 89 ఏండ్ల ప్రాయమున లండను మారథాను ముగించెను. 2011లో నూఱేండ్లవాడై టొరంటోలో మరల ముగించెను. జన్మపత్రము లేదని గిన్నిస్ గ్రంథమువారు ఆ ఘనతను నమోదు చేయలేదు. దానివలన ఆయన పరుగు ఆగలేదు. ఆయనకు పదవి యక్కఱలేదు, పతకముతో పనిలేదు. దుఃఖమును మోయుటకు కాళ్లు సాయపడినవి, అంతే. అట్టివాడు 2025 జులై 14వ తేదీని స్వగ్రామపు బాటపై కారు తాకిడికి గురియై మరణించెను. చీకటి బాటలమీద మన పిల్లలను పరుగెత్తనిచ్చు మనము ఈ మరణమును తేలికగా మఱవరాదు.

నేటాలు బాట

మరలివచ్చుటకే గౌరవమిచ్చు పందెమొకటి దక్షిణాఫ్రికాలోని నేటాలులో కలదు. పీటర్‌మారిట్జ్‌బర్గు నగరము మనకు క్రొత్త కాదు. 1893లో గాంధీజీని రైలుపెట్టెనుండి దింపివేసిన స్టేషను అదియే. ఆ నగరమునకును డర్బనునకును నడుమ 1921 మొదలుకొని 'కామ్రేడ్స్ మారథాను' అను పరుగు జరుగుచున్నది. దూరము ఇంచుమించు 88 కిలోమీటర్లు. ఒక యేడు కొండ యెక్కుదురు, మఱుసటి యేడు దిగుదురు. మొదటి ప్రపంచయుద్ధమున మడిసిన సహచరుల స్మృత్యర్థము విక్ క్లాఫమ్ అను మాజీ సైనికుడు దానిని నెలకొల్పెను. మొదటి సంవత్సరమున 34 మంది బయలుదేఱి 16 మంది గమ్యము చేరిరి. నేడు వేలకొలదిమంది పాల్గొనుచున్నారు.

మన తెలుగువారికి ఆ నేలతో చుట్టఱికము కలదు. 1860 మొదలుకొని చెఱకుతోటల కూలికై మదరాసు రేవునుండి ఓడలెక్కిన వారిలో విశాఖపట్టణము, గంజాము మండలముల తెలుగువారు వేలకొలది కలరు. వారి సంతతివారు 1931లో అచ్చట ఆంధ్రమహాసభను స్థాపించుకొని భాషను కాపాడుకొనిరి. ఆ తెలుగువారి యిండ్లమీదుగా పోవు బాటపై జరిగిన ఆ పరుగులో తెల్లజాతి పురుషులకుదప్ప ఇతరులకు చిరకాలము అధికారిక ప్రవేశము లేకుండెను. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డు అను స్త్రీయు, 1935లో రాబర్టు మ్ట్షాలి అను నల్లజాతి పురుషుడును లెక్కలో చేరకుండగనే పరుగెత్తి ముగించిరి. 1975లోగాని తలుపులు అందఱికిని తెఱువబడలేదు. లెక్కలో వ్రాయనివానిగూడ పరుగెత్తించిన దేదియో దానినే మేము ఈ వ్యాసమున వెదకుచున్నాము.

ఆ పందెపు నియమములు ఆలోచింపదగినవి. కాలపరిమితి 12 గంటలు. గడువు ముగియగానే తుపాకి మ్రోగును. ఆ మీదట ఒక్క యడుగు వెనుకబడినవానికిని పతకము లేదు. నియమమనగా నట్లుండవలెను. కాని ఆ గడువులోపల వచ్చిన కడపటివానికిగూడ పతకమిచ్చి వేలజనులు హర్షధ్వానము చేయుదురు. మొదటి యేడు ముగించినవాడు మఱుసటి యేడే మరలివచ్చి ముగించినచో 2005 నుండి వేఱొక పతకము నిచ్చుచున్నారు. పదిమాఱులు ముగించినవానికి ఆకుపచ్చని సంఖ్య నిచ్చెదరు. ఆ సంఖ్య యావజ్జీవము అతనిదే, మఱియొకరికి ఇయ్యరు. బంగారముకంటె ఆ పచ్చ సంఖ్యను గొప్పగా చూచుకొనువారు అక్కడ పెక్కుమంది. ప్రథముడుగా వచ్చుట ఒక్కనికే సాధ్యము. మరలివచ్చుట అందఱికిని సాధ్యము. ఒక్కనికే సాధ్యమగుదానిని మాత్రము గౌరవించు పందెమున తక్కినవారు ప్రేక్షకులగుదురు. అందఱికిని సాధ్యమగుదానిని గౌరవించు పందెమున అందఱును ఆటగాండ్రగుదురు.

వేలజనులును, వందేండ్ల చరిత్రయు లేకున్నను ఇట్టిది సాధ్యమేయని లండనులోని యొక యుదాహరణము చెప్పుచున్నది. 2004 అక్టోబరు 2వ తేదీని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ అను నతడు గాయపడి తాను పరుగెత్తలేని స్థితిలో, స్నేహితులను కలిసికొనవచ్చునను తలంపుతో అయిదు కిలోమీటర్ల పరుగును పెట్టెను. వచ్చినవారు 13 మంది. రుసుము లేదు, బహుమానము లేదు, వారమువారము కాలము మాత్రము వ్రాసియిత్తురు. అది 'పార్క్‌రన్' అను పేరిట పెక్కు దేశములకు ప్రాకినది. ఆ పరుగులందు అందఱికంటె వెనుక స్వచ్ఛందసేవకుడొకడు నడచుచు వచ్చును. కనుక పాల్గొనవచ్చిన వారెవ్వరును కడపటివారు కారు. ఎంత చిన్న యుపాయము, ఎంత పెద్ద మనస్సు!

ఆక్షేపణలు

ఇంత చెప్పగా మన పెద్దలు కొన్ని యాక్షేపణలు చేయుదురు. నేలదున్ని, కలుపుదీసి, కాయకోసి బ్రదుకువానికి వేఱుగా పరుగెందులకని మొదటిది. కూలికి ఈ మాట తగును, ఆసామికి తగదు. నాగలి యింటనుండి వెళ్లినది, ట్రాక్టరు వచ్చినది. పొలముగట్టువఱకు మోటారుసైకిలు పోవుచున్నది. పట్టణమునకు చేరిన రైతు మేడమీద నుండి కౌలు లెక్కచూచుకొనుచున్నాడు. భారత వైద్యపరిశోధన మండలివారి సహాయముతో జరిగి 2023లో ప్రకటితమైన పెద్ద పరిశోధనము 2021 నాటికి దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహరోగులున్నట్లు తేల్చినది. వారమునకు 150 నిమిషములు మధ్యతరపు వ్యాయామము పెద్దవారికి కనీసావసరమని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. దినమునకు అరగంటయైనను లేదు. ఆ యరగంటను పేకముక్కలకు ధారాళముగ నిచ్చువారు కాళ్లకు మాత్రము లెక్కించి యిత్తురు!

మన యెండలో పరుగు సాగదని రెండవది. రెంటచింతల యెండ రాష్ట్రమందంతట పేరుపొందినదే. వేసవిలో పందెము పెట్టుమని యెవరును కోరరు. కాని ధనుర్మాసపు తెల్లవాఱుజాములు మన సీమకు భగవంతుడిచ్చిన వరము. హరిదాసు తలపై అక్షయపాత్రతో వీథివీథి నడచు వేళ అది. ఆ మంచులో ముసుగుదన్ని పరుండువానికే చలి. నడచువానికి చలి లేదు.

ఆడపిల్లలు బాటమీద పరుగెత్తుట మర్యాద కాదని మూడవది. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి నూఱు మీటర్ల హర్డిల్సులో 2023లోను 2025లోను ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారుపతకములు గెలిచినది. వరంగల్లు ప్రాంతపు కల్లెడలో కూలిచేసి బ్రదుకు కుటుంబమున పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కంచుపతకము తెచ్చినది. వారు గెలిచి తిరిగివచ్చినపుడు పూలమాలలు వేయుటకు మర్యాద అడ్డురాలేదు. గెలువకమునుపు ఉదయమున అరగంట నిర్భయముగ పరుగెత్తుటకు మాత్రము అడ్డువచ్చునా? అడ్డువచ్చునది మర్యాద కాదు, బాటయొక్క భయము. ఆ భయమును తొలగించుట మన పని.

చేయదగినది

కనుక మా సూచన యిది. ప్రతి యేటను సంక్రాంతికి ముందటి యాదివారమున సత్తెనపల్లిలో ఊరి పరుగొకటి జరుగవలెను. తేదీ మాఱరాదు, మంత్రి వచ్చినను రాకున్నను మాఱరాదు. పిల్లలకును వృద్ధులకును రెండు కిలోమీటర్లు, తక్కినవారికి అయిదును పదియును. దూరమును కొలిచి గీతలు గీయవలెను. ఎడ్లపందెమున అంగుళమును విడువని మనకు ఇది నేర్పనక్కఱలేదు. ప్రతివాని కాలమును వ్రాసి, పుస్తకమున పదిలపఱచి, మఱుసటి యేడు అతడు వచ్చినపుడు నిరుటి కాలమును చెప్పవలెను. అయిదేండ్లు విడువక వచ్చినవానికి ఒక సంఖ్యను శాశ్వతముగ నీయవలెను. కడపటివాడు చేరువఱకు పందిరి విప్పరాదు, ఉపన్యాసములుండరాదు. పోలీసువారు రెండు గంటలు బాటలో ఒక ప్రక్కను మూసి లారీలను మరలింపవలెను. ఒక వైద్యుడు, కొన్ని కుండల మజ్జిగ, పదిమంది స్వచ్ఛందసేవకులు. ఇంతకుమించి కావలసినది లేదు. ఒక్క పెండ్లిపందిరి యలంకారమునకగు వ్యయముతో పది సంవత్సరముల పరుగులు సాగును.

పరుగు ఒక్కదినపు పని. అభ్యాసము ఏడాది పని. ఏటికొకమాఱు గీతవద్ద నిలువవలెనన్నచో దినదినమును కాలు కదల్పవలెను. అందులకు కళాశాల యావరణములను, పాఠశాలల ఆటస్థలములను ఉదయము రెండు గంటలు పట్టణస్థులకు తెఱచి దీపములు పెట్టించినచో, చీకటిబాటపై లారీల నడుమ పరుగెత్తుచున్న పిల్లలు అచ్చటికి వత్తురు. ఉద్యోగమునకై పరుగెత్తువాడు అచ్చట ఆరోగ్యమునకై నడచువానిని కలిసికొనును. విద్యార్థి వృద్ధుని, ఆసామి కౌలుదారుని కలిసికొనును. పదవి రాని పిల్లవానికి బూట్లను మూలవేయుటకు బదులు మఱునాడు వచ్చుటకొక కారణముండును: తనకై ఎదురుచూచు మనుష్యులు.

1921లో బెజవాడ అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమునకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండును తయారుచేసినపుడు కవాతు నేర్చిన వాలంటీర్లకు జీతము లేదు. 1930లో అఱువదియేండ్ల గాంధీజీ సబర్మతినుండి దండికి 24 దినములు నడచినపుడు గమ్యమున నున్నది గుప్పెడు ఉప్పు. ఈ సత్తెనపల్లిలో 1906లో పుట్టిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఇచ్చటనుండి నాలుగుమాఱులు శాసనసభకు ఎన్నికయిరి; అనగా ఈ ప్రాంతపు ప్రజలు నాలుగుమాఱులు ఆయనయొద్దకే మరలివచ్చిరి. నిలుకడగలవాని చెంతకు జనము మరలివచ్చును. నిలుకడగల పనికిని అట్లే మరలివత్తురు.

పరుగెందులకని యడుగువారికి మా సమాధానమిది. ఒకనాటి పరుగునకు ఏ కారణమైనను చాలును: భయము, కూలి, బహుమానము, బనియను. పదియేండ్ల పరుగునకు ఒక్క కారణమే కలదు. అక్కడ మనలను ఎఱిగినవారుందురు, రాకపోయినచో వెదకుదురు. ఆ వెదకువారిని సమకూర్చుట యువకులవలన కాదు. భూవసతియు, పలుకుబడియు, తీరికయు గల పెద్దలవలన కావలెను. తిరునాళ్ల పందెములకు బండ నీడ్పించు పెద్దలు ఈ యూరి బాటపై ఒక గీతను గీయింతురుగాక. రాబోవు ధనుర్మాసము దూరమున లేదు.